బ్రౌజర్‌కు జోడించిన పెద్దగుమాస్తా

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ రెండూ చాలక బ్రౌజర్‌ను కనిపెట్టింది. అదీ చాలక దానికి తగిలించుకోవడానికి ఎక్స్‌టెన్షన్లను కనిపెట్టింది. ఎక్స్‌టెన్షన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. బ్రౌజర్‌కు చేతకాని పనిని పక్కనుండి చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం. ‘జోడించు’ అన్న బొత్తం నొక్కితే వచ్చి కూర్చుంటుంది. ‘తొలగించు’ అంటే మారు మాట్లాడకుండా వెళ్లిపోతుంది. (ఈ రెండో గుణం ఉన్నవాళ్లు మన కార్యాలయాల్లో అరుదు.)

జనన మరణాల నమోదు కార్యాలయంలో మూడో కిటికీ వెనక కూర్చునే ఆపరేటరును అందరూ కంప్యూటరమ్మ అంటారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పాత రిజిస్టర్లలోని వివరాలను కొత్త వెబ్‌సైటులోకి ఎక్కించడం ఆమె పని. ఆ వెబ్‌సైటు తయారుచేసిన కుర్రకారు కళ్లు డేగ కళ్లు కాబోలు, అక్షరాలు ఆవగింజంత పెట్టారు. బ్రౌజర్లోనే పెద్దవి చేద్దామంటే ‘సమర్పించు’ అన్న బొత్తం తెర దాటి ఎటో వెళ్లిపోయేది. ఆమె రెండేళ్లలో మూడు కళ్లజోళ్లు మార్చింది. వెబ్‌సైటు మాత్రం మారలేదు.

ఒకనాడు ఆ కిటికీ దగ్గరికి ఒక బస్సు డ్రైవరు, భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. పాపకు ముందుపన్ను ఊడింది. ఆ సందులోంచి నాలుక బయటపెట్టి అందర్నీ చూస్తోంది.

“అమ్మగారూ, బళ్లో చేర్చుకోం అంటున్నారండీ,” అన్నాడు డ్రైవరు, కాగితం కిటికీలోంచి లోపలికి తోస్తూ.

“ఎందుకని?”

“మా పాప ఇంకా పుట్టలేదంట.”

కంప్యూటరమ్మ కాగితాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నిజమే. దాని ప్రకారం పాప వచ్చే సంవత్సరం పుడుతుంది. (పుట్టిన సంవత్సరాల జాబితాలో వచ్చే సంవత్సరం ఎందుకుందని అడగకండి. ముందుచూపు.)

జరిగింది ఇది. మొదట ఎక్కించినప్పుడు పాప పొరపాటున బాబు అయింది. సవరించబోతే పాప పాపే అయింది గానీ, పక్క గడిలో సంవత్సరం జారిపోయింది. మళ్లీ సవరిస్తే సంవత్సరం కదల్లేదు, పుట్టిన స్థలం అన్న చోటికి తల్లి పేరు వచ్చి చేరింది. (ఒక రకంగా ఇది తప్పు కాదు.) నిబంధనల ప్రకారం ఒక మనిషి పుట్టుకను మూడుసార్లే సవరించవచ్చు. రెండు అయిపోయాయి. మూడోది కూడా తప్పితే పాప ఆ తప్పుతోనే జీవితాంతం బతకాలి.

“ప్రధానోపాధ్యాయురాలు మంచావిడే,” అంది డ్రైవరు భార్య. “పాప చురుగ్గా ఉందన్నారు, అక్షరాలన్నీ రాయించి చూశారు. కానీ పుట్టాక తీసుకురమ్మన్నారు. నెలాఖరు వరకే చేర్చుకుంటారంట.”

నెలాఖరుకు ఇరవై రోజులుంది. కంప్యూటరమ్మ చెయ్యి మౌస్ మీదికి వెళ్లి వెనక్కొచ్చింది.

“నాకు ఈ అక్షరాలు కనబడట్లేదమ్మా,” అంది నెమ్మదిగా. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. “కనబడేదాకా దీన్ని ముట్టుకోను. ఏదో ఒకటి చేస్తాను, వారం ఆగి రండి.”

ఆ మధ్యాహ్నమే వెతికితే ‘భూతద్దం’ అనే ఎక్స్‌టెన్షన్ దొరికింది. బాణం గుర్తు ఏ అక్షరం మీద పెడితే అది గుమ్మడికాయంత అవుతుందట. ఆమె సంబరంగా ‘జోడించు’ నొక్కింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది: ‘మీ నిర్వాహకులు దీన్ని అనుమతించలేదు.’ నిర్వాహకులంటే పై కార్యాలయంలోని కంప్యూటర్ విభాగం. ఆమె వెంటనే అర్జీ రాసింది. విషయం: ఎక్స్‌టెన్షన్ మంజూరు కోరుట.

సరిగ్గా అదే రోజు, అదే గదిలో, పెద్దగుమాస్తా కూడా ఒక అర్జీ రాశాడు. ఆయనకు నెలాఖరుకు ఉద్యోగ విరమణ. ఇంకో ఏడాది కొలువు పొడిగించమని సిబ్బంది విభాగానికి విన్నపం. విషయం: ఎక్స్‌టెన్షన్ మంజూరు కోరుట.

“విశ్రాంతి తీసుకోక ఎందుకు సార్ ఈ తాపత్రయం?” అంది కంప్యూటరమ్మ, రెండు అర్జీలనూ ఒకేలాంటి కవర్లలో పెడుతూ.

“నాకేం లేదమ్మా. మా ఆవిడే రాయించింది. పోయిన ఆదివారం వంటింట్లో గరిటెలకు నంబర్లు వేశాను. అప్పట్నుంచి నిద్రపోవట్లేదు పాపం.”

పై కార్యాలయంలో వచ్చిన ఉత్తరాలను ఏ అర ఖాళీగా ఉంటే ఆ అరలో పెట్టడం ఆనవాయితీ. ఆ విధంగా భూతద్దం సిబ్బంది విభాగానికీ, పెద్దగుమాస్తా కంప్యూటర్ విభాగానికీ చేరుకున్నారు.

ఆరో రోజున సిబ్బంది విభాగం నుంచి ప్రశ్నలు వచ్చాయి. అభ్యర్థి పుట్టిన తేదీ? ఇంతకు ముందు పనిచేసిన చోట్లు? దృష్టి లోపం లేదని వైద్యుల ధ్రువీకరణ? కంప్యూటరమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. భూతద్దం విడుదలైన తేదీ రాసింది. ప్రపంచమంతటా రెండు లక్షల చోట్ల పనిచేస్తోందని రాసింది. దృష్టి అమోఘమని రాసింది.

పెద్దగుమాస్తాకు వచ్చిన ప్రశ్నలు వేరు. ఇది ఏం పని చేస్తుంది? మీరు చూసే పేజీలన్నిటినీ చదవగలదా, మార్చగలదా? దీనివల్ల యంత్రం నెమ్మదిస్తుందా? తొలగించినప్పుడు ఏమైనా మిగిలిపోతుందా? ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఈమధ్య మనుషుల్ని ఇలాగే అడుగుతున్నారేమో అనుకున్నాడు.

“ఏం పని చేస్తానని రాయనమ్మా?” అన్నాడు కలం పట్టుకుని.

“పొద్దున్నుంచి మీరు చేసిందే రాయండి సార్.”

పొద్దున్నుంచి ఆయన చేసింది, ఆమె అడిగినప్పుడల్లా వచ్చి పాత రిజిస్టర్లలోని అక్షరాలు చదివిపెట్టడం. పుస్తకమైనా గోడగడియారమైనా గది అవతలినుంచి చదవగల కళ్లు ఆయనవి. అదే రాశాడు: ‘ఎదుటివారికి కనబడనిది చదివి గట్టిగా వినిపించుట. పేజీలన్నీ చదవగలను. మార్చే అధికారం ముప్ఫై నాలుగేళ్లుగా లేదు. పని నెమ్మదించును, కానీ తప్పు జరగదు. తొలగించినచో ఒక గొడుగు, ఒక కుర్చీ దిండు మిగులును.’

నెలాఖరుకు ముందురోజు రెండు ఉత్తర్వులూ కలిసి వచ్చాయి. భూతద్దం అర్జీని సిబ్బంది విభాగం తిరస్కరించింది. అభ్యర్థి వయసు నాలుగేళ్లేననీ, అంత చిన్నవారిచేత పని చేయించడం చట్టరీత్యా నేరమనీ, ఇలాంటి ప్రతిపాదన పంపినందుకు సంజాయిషీ ఇవ్వాలనీ రాసింది.  కంప్యూటరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పన్ను ఊడిన పాప గుర్తొచ్చింది.

“ఆగు, నాది చదవనీ,” అన్నాడు పెద్దగుమాస్తా.

కంప్యూటర్ విభాగం ఇలా ఆదేశించింది: ‘సదరు ఎక్స్‌టెన్షన్ సురక్షితమని తేలినందున మూడో కిటికీ బ్రౌజర్‌కు రేపటి నుంచి జోడించడమైనది. ఎల్లప్పుడూ తెర పైభాగాన కుడి మూలలో కనబడునట్లు ఉంచవలెను.’

ఉత్తర్వు ఉత్తర్వే. మర్నాడు ఆయన కుర్చీని తెరకు కుడివైపుకు జరిపారు. పైభాగాన అన్నారు కనుక కుర్చీ కింద నాలుగు పాత రిజిస్టర్లు పెట్టారు. ఆయన దిండు సర్దుకుని, ఎక్కి కూర్చున్నాడు. రెండుసార్లు వచ్చి ఖాళీ చేతులతో వెళ్లిన డ్రైవరు కుటుంబం పదిన్నరకు మళ్లీ వచ్చింది.

“రోజు, పన్నెండు!” అని చదివాడు పెద్దగుమాస్తా. ఆయన గొంతుకు వరుసలో చివరి మనిషి కూడా తలెత్తాడు. “స్త్రీ! సంవత్సరం... ఆగమ్మా, కింద ఇంకోటి. ఇంకోటి. కాదు, దాటిపోయావు, పైకి రా. ఆఁ, అదే!”

“పుట్టిన స్థలం?” అంది కంప్యూటరమ్మ.

“తల్లి పేరుంది. చెరిపెయ్.”

వరుసలో వాళ్లంతా కిటికీ దగ్గరికి జరిగారు. ప్రతి గడినీ ఆయన చదవడం, డ్రైవరు భార్య అవునండీ అనడం, వెనకున్నవాళ్లు తలలూపడం. చివరికి ‘సమర్పించు’ మీద బాణం గుర్తు పెట్టి కంప్యూటరమ్మ ఆయన వైపు తిరిగింది.

“ఇదే ఆఖరిది సార్. తప్పితే మళ్లీ లేదు.”

“నొక్కమ్మా. చూస్తున్నాను కదా.”

నొక్కింది. యంత్రం కాసేపు ఆలోచించి కాగితం ఒకటి బయటికి వదిలింది. పెద్దగుమాస్తా దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, కిటికీలోంచి పాప చేతికే ఇచ్చాడు.

“నేను పుట్టానా తాతా?”

“పుట్టావు తల్లీ. ముద్ర కూడా పడింది. పరిగెత్తండి, బడి ఒంటిగంటకు మూసేస్తారు.”

పన్నెండున్నరకు పాప బళ్లో చేరింది.

ఆ తరువాత మూడో కిటికీలో ఒక్క తప్పూ జరగలేదు. కంప్యూటరమ్మకు ఫోను వస్తే “సార్, కాసేపు ఆఫ్,” అంటుంది, ఆయన నోరు మూసుకుంటాడు. ఆయన టీకి వెళ్తే ‘అప్‌డేట్ అవుతోంది’ అన్న అట్టముక్క పెడుతుంది. ఖాళీ ఉన్నప్పుడు ఆయన వరుసలోని ముసలివాళ్లకు దరఖాస్తులు చదివిపెడతాడు, ఏ గదికి వెళ్లాలో చెబుతాడు, చంటిపిల్లల తల్లుల్ని ముందుకు పంపిస్తాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇవేవీ ఆయన పనులు కావు.

మూడు నెలలకు పై కార్యాలయం నుంచి తనిఖీ బృందం వచ్చింది. ఎక్స్‌టెన్షన్‌కు ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. ఒక నక్షత్రం ఎందుకు తగ్గించారో నివేదికలో స్పష్టంగానే ఉంది: ‘ప్రజలు అడిగినదానికి సమాధానం చెబుతోంది. ఈ లోపాన్ని తదుపరి వెర్షన్‌లో సరిచేయగలము.’