బొటనవేలి దర్జీ, జాబితాలో లేని డాక్టరు

అత్యవసరమనేది ముందుగా అనుమతి తీసుకుని, తీరిగ్గా తెచ్చుకోవాల్సిన విషయం. ఇంత చిన్న సంగతి తెలియక ఒక దర్జీ కుడి బొటనవేలిని మిషను సూది కింద పెట్టేశాడు. సూది వేలిలోకి దిగి, విరిగి, సగం బయట నిలబడింది.

"ఈ వేలు పోతే కత్తెర పట్టేదెలాగే?" అని ఏడుపుముఖం పెట్టాడు.

"ముందు పదండి. బీమా ఉందిగా," అంది భార్య.

ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి చిరునవ్వు నవ్వింది. (చిరునవ్వు ఉచితం.)

"మీ బీమా మా దగ్గర చెల్లుతుందండీ. కుర్చీకి, ఫ్యానుకి, దూదికి చెల్లుతుంది. అత్యవసర డాక్టరుగారికే చెల్లదు."

"ఆయన ఇక్కడి డాక్టరే కదమ్మా?"

"ఇక్కడే ఉంటారండీ. బీమా జాబితాలో ఉండరు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. అద్దం తలుపు వెనక డాక్టరు ఖాళీగా నిలబడి, సూది వంక ఆశగా చూస్తున్నాడు.

భార్య బీమావాళ్లకు ఫోను చేసింది. తక్షణ నిరీక్షణ విభాగం అధికారి తేనెలొలికే గొంతుతో మాట్లాడాడు. జాబితా డాక్టర్లందరూ యాప్‌లో ఉన్నారట. అది తెరవడానికి వేలిముద్ర చాలట.

"ఏ వేలండీ?"

"మీవారు నమోదు చేసింది కుడి బొటనవేలమ్మా."

దర్జీ పళ్లు బిగించి వేలు ఆనించాడు. సూది ఫోను అద్దాన్ని గీరింది. 'మీరు మీరు కారు' అంది యాప్.

"సూది తీసి ప్రయత్నించండమ్మా."

"తీయడానికే కదయ్యా డాక్టరు!"

"పోనీ, ఎడమ వేలు నమోదు చేసుకోండి. అందుకు కుడి వేలిముద్రతో ఒప్పుకుంటే సరి."

భార్యకు ఒళ్లు మండింది. భర్త జేబులోంచి దారాలు పీకే పట్టకారు లాగి, డాక్టరు వైపు తిరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అద్దం వెనక నుంచే చేతులు కడుక్కోమని, పట్టకారు కడగమని, నిటారుగా లాగమని మూగనాటకం ఆడాడు. ఆమె లాగింది. సూది ఊడొచ్చింది. దర్జీ వేలు వంచి చూశాడు, వంగింది! ఆలుమగలు పకపకా నవ్వారు. డాక్టరు చప్పట్లు కొట్టాడు. (శబ్దం ఇవతలికి రాలేదు, వచ్చుంటే బిల్లు పడేది.)

దర్జీ ఆ సంబరంలోనే రక్తం తుడిచి ఫోను మీద వేలు ఆనించాడు. యాప్ ఇట్టే తెరుచుకుంది.

'సూది ఇప్పుడు వేలిలో ఉందా?'

'లేదు' అని నొక్కాడు.

'అయితే ఇది అత్యవసరం కాదు. అభినందనలు. తదుపరి ప్రీమియం ఇక్కడ చెల్లించండి. ఇందుకు వేలిముద్ర అవసరం లేదు.'