మామ దగ్గు, అల్లుడి ఆఫీసు

ఆ ఊళ్లో ధూమపాన నిర్మూలన కార్యాలయం ఏళ్ల తరబడి నిరాటంకంగా నడుస్తూ వచ్చింది. అన్నేళ్లలో ఒక్కడూ పొగ మానలేదు, అందుకే నడిచింది. ఊళ్లో అమ్ముడయ్యే సిగరెట్ల పన్నులోంచే ఆ ఆఫీసు జీతాలు ఇవ్వాలని పైవారి ఏర్పాటు. ఊరు తాగాలి, ఆఫీసు వద్దనాలి, జీతం అందాలి. ఇంత కుదురైన కాపురం ఇంకెక్కడా లేదు.

అధికారి బుద్ధిమంతుడు. నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మ కింద కూర్చుని, వచ్చినవాళ్లకి తలా ఒక కరపత్రం ఇచ్చేవాడు. అంతకు మించి ఎవరినీ ఇబ్బంది పెట్టిన పాపాన పోలేదు.

వీధి చివర సెలూన్ ఆయన్ని ఊరంతా మామా అనే పిలుస్తుంది. అధికారికి మాత్రం నిజంగానే పిల్లనిచ్చిన మామ. ఆయనకి చేతిలో కత్తెర, పెదవి మీద సిగరెట్. గడ్డానికి వచ్చినవాడు ఒకటి ముట్టిస్తే, బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాడు రెండు ముట్టించేవాడు. ఆ పొగలో అద్దంలో ఎవరి మొహం ఎవరికీ కనబడేది కాదు. కనకనే మామ క్షవరానికి ఎవరూ వంక పెట్టలేదు.

ఒకనాడు మామ పెద్దకూతురు, అంటే అధికారి భార్య, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాన్నా, నీ దగ్గు వింటుంటే నా ప్రాణం పోతోంది. ఊరందరికీ మానమని చెప్పేవాడి మామవి, నువ్వే తాగితే ఆయన పరువేం కాను?"

అల్లుడి పరువంటే మామకి ప్రాణం. ఎవడో ప్రయాణికుడు సెలూన్‌లో మరిచిపోయిన కరెంటు సిగరెట్ ఒకటి ఉంది. దాన్ని ట్రిమ్మర్ పక్కనే ఛార్జింగ్ పెట్టి, మనసు లాగినప్పుడల్లా పీల్చి, అసలు సిగరెట్ మానేశాడు. దగ్గు తగ్గింది. సెలూన్‌లో పొగ విడిపోయింది. అద్దంలో జనానికి మొదటిసారి పీక్కుపోయిన తమ దవడలు కనబడ్డాయి. హడలిపోయి వాళ్లూ మానేశారు.

అల్లుడి జీతం ఆగిపోయింది.

పై అధికారి జీపు దిగాడు.

"ఏమయ్యా, ఊరిని ఏం చేశావు?"

"మానేశారండీ."

"మానమని చెప్పమన్నాం గానీ, మానేదాకా చెప్పమన్నామా? అందరూ మానేస్తే పొగ మీద మన పోరాటం ఏం కావాలి? నిధులు ఎవడిస్తాడు? పైగా మీ మామ కరెంటు సిగరెట్ పీలుస్తున్నాడట. అది నిషిద్ధం."

"దానివల్ల హాని ఎంతండీ?"

"ఇంకా తేలలేదు. తేలనిదాన్ని ప్రజల నోట్లో పెట్టనిస్తామా? సిగరెట్ సంగతి వేరు. చంపుతుందని తేల్చి, బొమ్మతో సహా పెట్టె మీద అచ్చేసి మరీ అమ్మిస్తున్నాం. అందులో దాపరికం లేదు."

అల్లుడు తిన్నగా సెలూన్‌కి వెళ్లాడు. మామ ఎవరికో సగం గడ్డం గీసి ఉన్నాడు.

"మామయ్యా, ఆ వస్తువు స్వాధీనం చేసుకోవాలి."

"తీసుకోండి అల్లుడుగారూ. కానీ అది లేకపోతే నా గతేంటి?"

అల్లుడు తల దించుకుని, జేబులోంచి కొత్త సిగరెట్ పెట్టె తీశాడు. దాని మీది బొమ్మ, ఆఫీసు గోడ మీది బొమ్మే.

భార్య వెనకే పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ, సిగ్గులేదూ? మా నాన్నకి మీ చేత్తోనా ఇచ్చేది?"

"మరి పిల్లల ఫీజు ఎవరు కడతారే?"

ఆమె మొగుణ్ని చూసింది. తండ్రిని చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎక్కువొద్దు నాన్నా. జీతం వచ్చేదాకానే."

సగం గడ్డంవాడు చెయ్యి చాచాడు. "నాకూ ఒకటి పడెయ్ మామా. మన అల్లుడే కదా!"

మామ ముట్టించాడు. వారం తిరక్కుండా అద్దం మసకబారింది, జనానికి మనశ్శాంతి కలిగింది. జీతం బకాయితో సహా వచ్చింది. ధూమపానంపై అలుపెరుగని పోరాటానికి గాను ఆఫీసుకి షీల్డు కూడా ఇచ్చారు. అల్లుడు కృతజ్ఞత మరిచేవాడు కాదు. ఆ జీతంతో మామగారికి దగ్గు మందు కొని తెచ్చాడు.

"దీని మీదా పన్ను వేశారు మామయ్యా. ఆ డబ్బుతో దగ్గు నివారణ కార్యాలయం పెడుతున్నారట."

మామ దగ్గు ఆపుకుని అడిగాడు. "అందులో మన చిన్నల్లుడికి ఏమైనా చూడగలరా? పాపం, ఖాళీగా ఉన్నాడు. వాడికి ఉద్యోగం వచ్చాక కూడా ఈ దగ్గు తగ్గకుండా నేను చూసుకుంటాను."

బెంచీ మీద వంతు కోసం కూర్చున్న తండ్రులు ఆ మాట విన్నారు. ఇళ్ల దగ్గర ఊరికే కూర్చున్న తమ కొడుకుల్ని తలుచుకుని, అగ్గిపెట్టెల కోసం జేబులు తడుముకున్నారు.