ఆదోనిలో ఆగని బస్సు

గురువారం పొద్దున నాగేంద్ర పెట్టుకున్న పని ఒక్కటే. డ్యూటీకి పోయేలోపల ఘాట్ రోడ్డు ఒకసారి ఎక్కి దిగాలి. ఘాట్ రోడ్డు ఎమ్మిగనూరులో లేదు. ఆయన ముందున్న కంప్యూటర్లో ఉంది.

నాగేంద్ర ఎమ్మిగనూరు-ఆదోని బస్సుకు కండక్టరు. ఇరవైనాలుగేళ్ళ కిందట డ్రైవరు ఉద్యోగానికని పోతే కంటి పరీక్షలో ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా చెప్పలేకపోయాడు. టికెట్లు కొట్టే పని ఇచ్చారు. అప్పటినుంచి స్టీరింగును దూరంనుంచి చూడడమే. కూతురు పల్లవి కర్నూలులో ఉద్యోగానికి పోతూ తన గేమింగ్ కంప్యూటరును ఇంట్లో వదిలిపెట్టింది. అందులో బస్సు నడిపే ఆట ఉందని తెలిసిన రోజే నాగేంద్ర డ్రైవరయ్యాడు. సిగ్నలు దగ్గర పై లైటు వెలిగితే ఆగడం, కింది లైటు వెలిగితే పోవడం. రంగుతో పనిలేదు.

ఆన్‌లైన్లో ఆ ఆట ఆడేవాళ్ళు పద్నాలుగుమంది ఒక జట్టు. ఆదివారం పదిగంటలకు పద్నాలుగు బస్సులూ వరుసగా ఘాట్ ఎక్కాలి. అన్నిటికంటే ముందు బస్సు నాగేంద్రది. ఈ సంగతి డిపోలో ఆయన చెప్పని మనిషి లేడు. పన్నెండుమంది చూడడానికి వస్తామన్నారు. వాళ్ళకు పొంగనాలు పెట్టడానికి భార్య బసమ్మను ఒప్పించాడు.

ఏడో మలుపు దగ్గర కంప్యూటర్ పెట్టెలో ఫ్యాన్లు అరిచాయి. తెర నల్లబడింది.

"సచ్చింది!" అన్నాడు నాగేంద్ర.

వంటింట్లోనుంచి బసమ్మ పరుగున వచ్చి మొదట తన పిండిగిన్నెను అందుకుంది. కంప్యూటర్ పెట్టె కుర్చీ వెనక స్టూలు మీద ఉంటుంది. కోపమొస్తే ఆయన దాన్ని రెండుచేతులా పట్టుకొని ఊపుతాడు. గిన్నెకు ఏమీ కాలేదని చూసుకొని, దానికి చుట్టిన కంబళితో సహా లోపలికి తీసుకుపోయింది.

"పది దినాలనుంచి ఇదే కత. ఆదోనికి తీస్కపోరాదా?" అంది లోపలినుంచి.

నాగేంద్ర పెట్టెను బస్సు ముందు సీట్లో కూర్చోబెట్టి, తనకు తానే లగేజీ టికెట్ కొట్టుకున్నాడు. డ్రైవరు గోవిందన్న అద్దంలో చూశాడు.

"ఏందప్పా అది?"

"బస్సు."

"బస్సును బస్సులో తీస్కపోతాండావా? ఏమైంది దానికి?"

"నడిసి నడిసి ఆగిపోతాంది."

"సదునులోనా, ఎత్తు ఎక్కేటప్పుడా?"

"ఎత్తులోనే."

"అయితే ఇంజను కాగుతాంది. రేడియేటరుకు ఏదో అడ్డముంటాది సూసుకో."

నాగేంద్ర నవ్వాడు. రెండో సీట్లోని పత్తి వ్యాపారి కూడా నవ్వాడు. గోవిందన్న అద్దంలోంచి చూపు తిప్పి హారన్ గట్టిగా కొట్టాడు.

ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే యాసర్ పెట్టె విప్పాడు. ఫ్యాన్లలో చిక్కుకున్న దూది తీశాడు. బస్సు ఆట పెట్టి సాయంత్రం ట్రిప్పు దాకా వదిలేశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"మా డ్రైవరు ఇంజను హీటంటాడు" అన్నాడు నాగేంద్ర.

"అరే అన్నా, ఇది కంప్యూటర్. లారీ కాదు. హీటు కూడా చూసినా, మామూలుగానే ఉంది. తీస్కపో."

ఇంటికి తెచ్చి పెట్టాడు. ఏడో మలుపు దగ్గర తెర నల్లబడింది. బసమ్మ వచ్చి గిన్నె తీసుకుపోయింది. నాగేంద్ర యాసర్‌కు ఫోన్ చేశాడు.

"దాని సుట్టూ ఏమన్నా ఆనించి పెట్టినావా అన్నా?"

నాగేంద్ర తిరిగి చూశాడు. "ఏం లేదప్పా. ఖాళీ."

"అయితే మీ ఇంటి కరెంటే. ప్లగ్గుల బోర్డు, తెర, వైర్లు అన్నీ పట్టుకొని రా."

శుక్రవారం అన్నీ బస్సెక్కాయి. లగేజీ టికెట్లు మూడయ్యాయి. యాసర్ ర్యామ్ మార్చి చూశాడు. లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా మార్చి చూశాడు. అతను ఏం మార్చినా, మార్చకున్నా, ఆదోనిలో బస్సు ఆగలేదు. ఆ సాయంత్రం ఎమ్మిగనూరులో చలి పెరిగింది. బసమ్మ కంబళిని రెండు మడతలు వేసింది. ఈసారి ఐదో మలుపులోనే ఆగింది.

"పదేండ్లనుంచి ఈ పని చేస్తాండా. ఊరును బట్టి వచ్చే జబ్బు నేనెప్పుడూ సూడలే" అన్నాడు యాసర్ ఫోన్లో. అతని గొంతులో పట్టుదల వినిపించింది. "రేపు మీ ఇంట్లో ఎట్ల పెట్టుకున్నావో అట్ల మొత్తం తే. బల్ల, కుర్చీ, స్టూలు. ఒక్కటి కూడా ఇడిసిపెట్టొద్దు."

శనివారం నాగేంద్రకు వారపు సెలవు. బల్లా కుర్చీ ఆటోకెక్కించి బస్టాండుకు పోతుంటే ఎదురింటామె యాడికని అడిగింది. "ఆదోనికి" అని మాత్రం చెప్పాడు. తొమ్మిది గంటలకు నాగేంద్ర ఇల్లు విడిచిపోయాడని వీధిలో తెలిసింది. పది గంటలకు ఆదోనిలో వేరే కాపురం పెట్టాడని తేలింది. పదకొండు గంటలకు ఆ కాపురంలోకి ఒక ఆడమనిషి వచ్చి చేరింది.

బజారునుంచి అప్పుడే వచ్చిన బసమ్మ మొదట నమ్మలేదు. తర్వాత బల్ల ఉండే చోటు చూసింది. మర్నాటి పొంగనాలకు రుబ్బిన పిండి ఒక మూల ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. చలికి అది పొంగదని గిన్నెకు కంబళి చుట్టి, ఒళ్ళో పెట్టుకొని గోవిందన్న బస్సెక్కింది. సంగతి విన్న గోవిందన్న ఆదోని బస్టాండులో బస్సు నిలిపి, టీ తాగే సమయం వదులుకొని, సాక్షిగా ఆమె వెంట నడిచాడు.

దుకాణంలో జనం మూగి ఉన్నారు. నడుమ తన బల్ల ముందు, తన కుర్చీలో, చెవులకు హెడ్‌ఫోన్లతో నాగేంద్ర బస్సు నడుపుతున్నాడు. పన్నెండో మలుపు దాటింది. యాసర్ కన్నార్పకుండా తెరను చూస్తున్నాడు.

బసమ్మ నాలుగువైపులా చూసింది. ఆడమనిషి లేదు. ఊపిరి పీల్చుకున్నాక కోపమొచ్చింది. మోసి మోసి చేతులు లాగుతున్నాయి. కుర్చీ వెనక స్టూలు, స్టూలు మీద పెట్టె, అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయి. గిన్నెను దాని మీద దించి, కంబళి అంచులు అటూ ఇటూ దోపి, మొగుని చెవిమీది హెడ్‌ఫోన్ లాగింది.

"నాలుగు సామాన్లు ఊరంతా తిప్పుతాండావు! వీధిలో ఏమంటాండారో తెలుసునా నీకు?"

"ఏమంటాండారు?"

"నాకు సవతి వచ్చిందంట!"

"యాడ?"

"నేనూ దానికోసమే వచ్చినా!"

జనం తెరను వదిలి ఇటు తిరిగారు. ఎమ్మిగనూరు వీధి అన్నదంతా బసమ్మ వినిపించేసరికి కొంత సమయం పట్టింది. ఇంతలో ఫ్యాన్లు అరిచాయి. తెర నల్లబడింది.

"వచ్చె! ఇదే!" అంటూ యాసర్ ఎగిరి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అట్లే నిలబడిపోయాడు. "అక్కా, ఈ గిన్నె ఎవరిది?"

"నాది. ఈ సలికి పిండి యాడ పొంగుతాది? ఆయప్ప బస్సు నడిపేటప్పుడు ఇది వెచ్చగా ఉంటాది."

యాసర్ నాగేంద్ర వైపు చూశాడు. "సుట్టూ ఏం లేదంటివి కదన్నా?"

"గిన్నెను నేను సామాన్ల కింద లెక్కెయ్యలేదప్పా" అన్నాడు నాగేంద్ర.

గోవిందన్న ముందుకొచ్చి కంబళి తీసి, బస్సు బానెట్టు మీద పెట్టినట్టు పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు.

"రేడియేటరుకు అడ్డం" అన్నాడు. "గురువారమే సెప్పినా."

యాసర్ తీర్పు చెప్పాడు. పెట్టె మీద ఏమీ పెట్టకూడదు. వేడిగాలి వెనకనుంచి వస్తుంది కాబట్టి గిన్నెను జానెడు దూరంలో వేరే స్టూలు మీద ఉంచుకోవచ్చు.

ఆదివారం నాగేంద్ర "రైట్ రైట్" అని తనకు తానే చెప్పుకొని బస్సు కదిపాడు. వెనక పదమూడు బస్సులు కదిలాయి. డిపోవాళ్ళు మూడో మలుపు దాకా చూశారు. తర్వాత వంటింటి వైపునుంచి వాసన వచ్చింది. ఘాట్ ఎక్కి నాగేంద్ర వెనక్కి తిరిగేసరికి గదిలో గోవిందన్న ఒక్కడే ఉన్నాడు.

"బ్రేకు మీద కాలు బరువు తగ్గించుకో" అన్నాడాయన. ఆయన ఇంకొకరి డ్రైవింగును అంతకంటే మెచ్చుకోవడం ఎవరూ వినలేదు.

సోమవారం ఐదుగంటలకు బసమ్మ మొగుని దుప్పటి లాగింది.

"లెయ్, లెయ్. బస్సు తియ్."

"డ్యూటీకి ఇంగా టైముంది గదే."

"ఆ బస్సు గాదు. డిపోవాళ్ళు మళ్ళా పొంగనాలు కావాలన్నారు. సదునులో తోల్తే వేడి సాలదు, ఘాటు ఎక్కు."

ఇరవైనాలుగేళ్ళ సర్వీసులో నాగేంద్రకు పడిన మొదటి డ్రైవింగ్ డ్యూటీ అది.