వడ్రంగిపిట్ట సర్వే

రెండో శనివారం, బడి లేదు. సాయంత్రం నాలుగులోపు రెండు కెమెరా లెన్సుల్లో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాలి. ఆ ఉదయం బర్నబాస్ మాస్టారి ప్లాను అంతే.

ఆయన ఇల్లు తెనాలి కాలవగట్టున. రెండు లెన్సులూ ఒక పూట వాడి చూడమని ఫొటో స్టూడియో ఖాజా మొహిద్దీన్ ఇచ్చాడు. చిన్నది చేత్తో పట్టుకోవచ్చు. పెద్దది ఐదు వందల జూమ్, మోచెయ్యంత తెల్లటి గొట్టం, స్టాండు లేనిదే నిలవదు. వద్దన్నదాన్ని బాపట్ల నుంచి వచ్చే లెక్చరరు పట్టుకుపోతాడు.

పక్కింటి రంగనాయకులు పెరటి చివర తల విరిగిన కొబ్బరి మొద్దు ఉంది. దాని తొర్రలో వడ్రంగిపిట్ట పిల్లలు మూడు. రేకుల దడి అడ్డం కాబట్టి కింద నుంచి కనపడవు. మాస్టారు డాబా ఎక్కి స్టాండు నిలబెట్టాడు. చిన్న లెన్సులో తొర్ర చుక్కలా ఉంది. పెద్దది బిగించాడు. పిల్ల ముక్కు మీద పాకుతున్న చీమ కూడా కనిపించింది.

సరిగ్గా అప్పుడే రంగనాయకులు భార్య సుబ్బరత్నమ్మ తలెత్తి చూసింది.

"ఏవండీ! మాస్టారు మూడుకాళ్ల మిషను పెట్టి మన దడి వంకే చూస్తున్నాడు!"

రంగనాయకులు నోటి దగ్గర ఇడ్లీ ఆగిపోయింది. ఆ వరసలో ఇళ్లన్నీ కాలవ స్థలంలోకి కొద్దికొద్దిగా జరిగినవే. గట్టు కొలుస్తారని నెలరోజులుగా పుకారు. జనాభా లెక్కలైనా, ఓటర్ల జాబితా అయినా గవర్నమెంటు తోలేది బళ్లో పంతుళ్లనే.

"మాస్టారూ, డ్యూటీ వేశారా?"

"డ్యూటీ ఏంటండీ? పిట్టల్ని చూస్తున్నా!"

"చెప్పకూడదని ఆర్డరా?"

"నిజంగా పిట్టలేనండీ బాబూ!"

"అర్థమైందిలెండి." రంగనాయకులు గొంతు తగ్గించి భార్యతో అన్నాడు. "నోరు విప్పట్లేదంటే పైనుంచి ఆర్డరు గట్టిగానే ఉందే."

పావుగంటలో వరసంతా గుప్పుమంది. ఎవరి దడి వాళ్లు ఊడబెరుకుతున్నారు. మాస్టారి భార్య జెస్సీ ఆయాసపడుతూ డాబా ఎక్కింది.

"వరస చివరింటి జాన్‌బీ గారు బిర్యానీ పంపించింది. కొలిచేటప్పుడు కాస్త చూసుకోమంది. ఏం కొలుస్తున్నారండీ మీరు?"

ఆయన కన్ను కెమెరాకే అతుక్కుపోయింది. లెన్సులో తొర్ర కింద ఒక చెయ్యి కనిపించింది. రంగనాయకులు చేతిలో గొడ్డలి.

"ఆగండి! అందులో పిట్ట పిల్లలున్నాయి!"

"ఇంకా పిట్టలేంటండీ, మన మధ్య దాపరికమా? మొద్దు ఉంటే ఇక్కడిదాకా ఆక్రమించానని రాసెయ్యరూ?"

మొదటి వేటు పడింది. మొద్దు అదిరింది. తల్లిపిట్ట అరుస్తూ ఎగిరింది. గొడ్డలి మళ్లీ లేచింది.

మాస్టారి జన్మలో అదే మొదటి సర్కారీ అబద్ధం.

"ఆ మొద్దు సర్వే గుర్తు! ముట్టుకుంటే కేసు!"

గొడ్డలి గాల్లోనే ఆగింది.

"అలా చెప్పండి మరి!" అని రంగనాయకులు మొద్దుకు హద్దు తాడు కట్టాడు. రెండో కొస కాలవ వంతెన స్తంభానికి బిగించారు. తాడుకు అవతల, కాలవ వైపు ఉన్నదల్లా తీసేశారు. రేకుల దడి కూడా పోయింది. చివరికి తాడు ఒకచోట గోడకు తగిలి వంగింది. అది మాస్టారు కిందటేడు కట్టించిన బాత్రూం.

"మాస్టారూ, మీదీ..."

"అది వేరేనండీ..."

"వేరే అయితే గుర్తు తప్పన్నమాట. తప్పు గుర్తు ఉంచటం దేనికి?" రంగనాయకులు మళ్లీ గొడ్డలి అందుకున్నాడు.

మాస్టారు జెస్సీ వంక చూశాడు. తొర్ర వంక చూశాడు. మూడు ముక్కులు బయటికొచ్చి ఆకలికి నోళ్లు తెరిచాయి.

"కొట్టెయ్యండి," అన్నాడు. "బాత్రూమే."

ఇరుగుపొరుగు ఎంత ఉత్సాహంగా సాయం పట్టారంటే, మూడున్నరకల్లా వెనక గోడ లేదు. అప్పుడు ఖాజా ఫోన్ చేశాడు.

"బాపట్ల సార్ వచ్చి కూర్చున్నాడు మాస్టారూ. ఏది ఉంచుకుంటారు?"

మాస్టారు బాత్రూంలో బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడ లేదు, దడి లేదు. పది అడుగుల దూరంలో పిట్టపిల్ల తొర్ర అంచున నిలబడి ఆయన్నే చూస్తోంది.

"చిన్నదండీ."

"అదేంటి? పెద్దదైతేనే పిట్టలు దగ్గరికొస్తాయన్నారుగా!"

"వచ్చేశాయండీ."

ఫొటోలకు చిన్న లెన్సే సరిపోయింది. స్నానానికే చాటు సరిపోలేదు.