జర నల్లగ చెయ్యి

"మా ఫ్యాక్టరీల రాతిదుమ్ము లేస్తది గానీ, ఎవని ఛాతీలకూ పోదు! దీనికి ఇయ్యాల సైన్సే సాక్ష్యం చెప్తది!"

తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టించే అరుణ్‌కుమార్ సేటు ఉచిత ఎక్స్‌రే శిబిరంలో ఇలా ప్రకటించాడు. కూలీలు చప్పట్లు కొట్టారు. కోత మిషన్ మీద పనిచేసే జంగప్ప మాత్రం కొట్టలేకపోయాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే గేటు కాపలాకు మారుస్తానని సేటు మాటిచ్చాడు. ఆ ఒక్క మచ్చ కోసం జంగప్ప పోచమ్మకు మొక్కుకున్నాడు!

మొక్కు ఫలించింది. కంప్యూటర్ తెర మీద అతని ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు.

"గవేంది?" అన్నాడు సేటు.

"దుమ్ము సార్," అన్నాడు టెక్నీషియన్ ప్రేమ్‌సాగర్.

"జర నల్లగ చెయ్యి."

ప్రేమ్‌సాగర్ డెన్సిటీ పెంచాడు. చుక్కలు మసకబారాయి.

"ఇంకా!"

కాంట్రాస్టూ మార్చాడు. చుక్కలు మాయం! వాటితోపాటు సగం పక్కటెముకలు కూడా.

"వైద్యమంటే గిట్లుండాలె! సూది లేదు, గోలీ లేదు!" సేటు మురిసిపోయి గుడ్డతెర అవతలికి కేకేశాడు. "నీకేం లేదు జంగప్పా! నడువు, మిషన్ కాడికి!"

మిగతావాళ్లందరికీ అదే సెట్టింగ్. చివర్లో ఫొటో కోసం సేటు కూడా మిషన్‌కు ఛాతీ ఆనించాడు. ఆయన ఫిల్మ్ కూడా కాటుకలా వచ్చింది.

నెల తిరక్కుండానే సేటుకు దగ్గు, ఆయాసం. డ్రైవర్ సెలవు. సంచి మొయ్యడానికి జంగప్పను వెంటబెట్టుకుని రైలెక్కాడు. ధారూర్ దాకా సేటు దగ్గాడు, అక్కణ్నించి జంగప్ప అందుకున్నాడు.

వికారాబాద్‌లో డాక్టర్ పద్మారాణి శిబిరంలో తీసిన సేటు ఫిల్మ్‌ను వెలుగుకు ఎత్తి చూసింది. "ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయి. సిరప్ రాస్తాను."

"మళ్ల ఒకటి తియ్యుండ్రి మేడమ్."

"ఎందుకు? నెల కూడా కాలేదుగా!"

సేటు చెమట తుడుచుకున్నాడు. పరువా, ప్రాణమా?

"అది... జర నల్లగ చేయించిన మేడమ్. అందరియి."

జంగప్ప చేతిలో సంచి జారింది. "నాది గూడనా సేటూ?"

"ఇద్దరికీ తీయండి. ముందు ఇతనికి," జంగప్పను చూపిస్తూ టెక్నీషియన్ నాగరాణితో అంది డాక్టర్.

జంగప్ప అంగీ విప్పుతుండగా సేటు ఎక్స్‌రే గది గుమ్మంలో నాగరాణి చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా, నాది ఉన్నదున్నట్టు సూపియ్యి. వానిది మాత్రం జర..."

నాగరాణి జంగప్పను లోపలికి పిలిచి, సేటు ముఖం మీదే తలుపేసింది.