పదకొండు ఎర్ర రిబ్బన్లు

ఇదిగో, నిన్నే. కుర్చీలో సగం జారిపోయి, పొట్ట మీద పేపరు పరుచుకుని కూర్చున్నవాడివి. వచ్చే నెల నుంచి పొద్దున్నే లేచి ఒళ్లు వంచుతానని పోయినేటి నుంచీ చెబుతున్నావు గదా. లేవకు. లేచినవాడి గతి ఏమైందో చెబుతాను, విన్నాక ఇంకాస్త జారి కూర్చుందువుగాని.

ఆ లేచినవాడు ఒక ట్రేసరు. ఊరి ప్లానింగు ఆఫీసులో పెద్ద పెద్ద నక్షాల మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతనే పైన మళ్లీ గీయడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇంకొకరి గీత దాటి పక్కకు పోలేదు. అతనికి నలభై ఎనిమిదేళ్లు, అతని నడుముకి తొంభై. డాక్టరు ఒళ్లు కాస్త కదిలించమన్నాడు. సైకిళ్ల షాపతను ఇంకో అడుగు ముందుకేసి, కదిలిస్తే చాలదు, బాగా కుదపాలని చెప్పి, లావు టైర్లూ, ముందు ఫోర్కుకి స్ప్రింగు షాకులూ, డిస్కు బ్రేకులూ ఉన్న కొండ సైకిలొకటి అంటగట్టాడు.

అతని వీధి చివర ఒక చిన్న కొండ, కొండ మీద నీళ్ల ట్యాంకు. ట్యాంకు దగ్గర నుంచి అవతలి కాలనీ దాకా చెట్ల మధ్యగా, జనం నడిచి నడిచి పడ్డ సన్నటి బాట ఒకటుంది. మొదటి ఆదివారం ఆ బాటలో దిగేటప్పుడు ట్రేసరు పదిహేడు చోట్ల సైకిలు దిగాడు. దిగాడని మర్యాదకి అంటున్నాను. అందులో అయిదు చోట్ల సైకిలే అతన్ని దింపింది.

గుర్తు పెట్టకుండా ఏదీ వదలలేని జబ్బు ట్రేసర్లకి ఉంటుంది. తర్వాతి ఆదివారం అతను ఆఫీసు సొరుగులోంచి, సర్వే కర్రలకి కట్టే ఎర్ర రిబ్బను చుట్ట ఒకటి జేబులో వేసుకెళ్లాడు. దిగిన ప్రతి చోటా పక్కనున్న కొమ్మకి ఒక ముక్క కట్టాడు. వేరు అడ్డొచ్చిన చోట ఒకటి, మోకాలి ఎత్తు రాతి మెట్టు దగ్గర ఒకటి, గులకరాళ్ల మలుపులో వరసగా మూడు. కాలు కింద పెట్టకుండా రెండు ఆదివారాలు దాటగలిగిన చోట రిబ్బను విప్పేయాలని తనకి తనే రూలు పెట్టుకున్నాడు. మూడు నెలలకి పదిహేడు పదకొండయ్యాయి. ఆఫీసులో రాని ప్రమోషను కొండ మీద ఆరుసార్లు వచ్చిందన్నమాట.

ఇంట్లో మాత్రం ఈ ఎదుగుదలని ఎవరూ గుర్తించలేదు.

"ఏమండీ, ఎదురింటావిడ అడుగుతోంది," అంది భార్య ఒక ఆదివారం, అతను బురదతో సైకిలు నడిపించుకుంటూ గేటులోకి వస్తుంటే. "మీ ఆయనకి ప్రతి వారం పంక్చరేనా అని."

అతను కాళ్లు కడుక్కుని లోపలికెళ్లిపోయాడు. అతనికి మెప్పు అక్కర్లేదు. ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండరు, ఫైలు అడిగేవాళ్లు ఉండరు. వారం మొత్తానికి అతని సొంతమంటూ ఉన్నవి ఆ రెండు గంటలే. వాటి కోసం మిగతా వారాన్ని ఎలాగోలా మోసుకొచ్చేవాడు.

ఇక ఆ సోమవారం. పొద్దున అతని ప్లాను చాలా చిన్నది. పెన్సిళ్లు చెక్కుకోవాలి, పాత నక్షా ఒకటి తుడవాలి, మోకాలి మీద కొత్త దెబ్బ ప్యాంటుకి అంటుకోకుండా సాయంత్రం దాకా కూర్చోవాలి. పదిన్నరకి కాలనీ నుంచి ఒక రిటైర్డు మేష్టారు వచ్చాడు. వచ్చీ రాగానే ఆఫీసరు బల్ల మీద అర్జీ ఒకటీ, దాని మీద ఎర్ర రిబ్బను ముక్క ఒకటీ పెట్టాడు.

"ఇలాంటివి మా ఇళ్ల వెనక పదకొండున్నాయి," అన్నాడు. "మా గోడల మీదుగా రోడ్డేస్తున్నారా లేదా, అదొక్క ముక్క చెప్పండి."

ఆఫీసరు ఆ ఆఫీసుకి వచ్చి నాలుగు నెలలే అయింది. ఫైలు లేకుండా ఇక్కడ ఫ్యాను కూడా తిరగదని, రోడ్డెలా తిరుగుతుందని గొంతు పెంచాడు. మేష్టారు ఇంకాస్త పెంచాడు. పక్క గదుల వాళ్లు గుమ్మంలో గుమిగూడారు. ట్రేసరు స్టూలు మీద నుంచి సగం లేచి, "సార్," అన్నాడు.

గది మొత్తం అతని వైపు తిరిగింది.

"ఏంటి, మీకేమైనా తెలుసా?" అన్నాడు ఆఫీసరు.

రిబ్బను ఆఫీసుది. కట్టింది తను. ఎందుకు కట్టావంటే, అక్కడ పడ్డాను గనక అని ఇంతమందిలో చెప్పాలి.

"ఫ్యాను స్పీడు పెంచమంటారా సార్," అన్నాడు ట్రేసరు.

పడ్డానన్న ఆ ఒక్క మాట అప్పుడే చెప్పేసి ఉంటే పది నిమిషాలు నవ్వుకుని మర్చిపోయేవాళ్లు. చెప్పలేదు గనక ఆఫీసరు హెడ్డాఫీసుకి ఫోను చేశాడు. కొండ మీద రోడ్డు సర్వే ఏమైనా ఉందా అని అడిగితే, అవతలి పెద్దాయనకి తెలియదు. తెలియదని ఒప్పుకుంటే కుర్చీకి చిన్నతనం గదా, "పరిశీలనలో ఉంది," అన్నాడు. అంతే, పుట్టని రోడ్డుకి ఫైలు పుట్టింది. అది ట్రేసరు బల్ల మీదకే వచ్చింది. పదకొండు గుర్తులూ కలుపుతూ నక్షా గీయమని ఆర్డరు.

గీశాడు. సైటు చూసి రమ్మంటే అక్కర్లేదన్నాడు. మర్నాటికల్లా మలుపులూ, వంపులూ, రాతి మెట్టు ఎత్తూ అంగుళాలతో సహా నక్షాలోకి ఎక్కేశాయి. కుర్చీలోంచి కదలకుండా రాయి ఎత్తు ఎలా తెలిసిందని ఆఫీసరు అడిగితే, అంచనా సార్ అన్నాడు. నిజానికి ఆ రాతిని అతని మోకాలు ఇప్పటికి నాలుగుసార్లు కొలిచింది.

ఈలోగా కాలనీ రెండుగా చీలింది. కింది వరస వాళ్లకి గోడలు పోతాయని భయం. పై వరస వాళ్లకి రోడ్డొస్తే స్థలాల రేట్లు పెరుగుతాయని ఆశ. పై వరస వాళ్లు ఊరుకోకుండా, రోడ్డు తమ గుమ్మాల మీదుగా పోవాలని, ఇంట్లో దొరికిన ఎర్రగుడ్డ పీలికలన్నీ పట్టుకొచ్చి దొరికిన కొమ్మకల్లా కట్టేశారు. ఆ ఆదివారం ట్రేసరు ట్యాంకు దగ్గర సైకిలెక్కి చూసేసరికి కొండంతా ఎరుపే. ముప్పై నాలుగు లెక్క తేలాయి. ఎరుపు కనబడితే కాలు కింద పెట్టడం అతనికి అలవాటైపోయింది. చదునైన నేల మీద కూడా దిగాడు. మూడు నెలల కష్టం ఒక్క వారంలో కొట్టుకుపోయినట్టయి, ఇంటికొచ్చి స్నానం కూడా చేయకుండా పడుకున్నాడు. ఆకలి లేదన్నాడు. అది మాత్రం భార్య ఎదురింటావిడకి చెప్పలేదు.

తర్వాతి శనివారం సాయంత్రం కింది వరస వాళ్లు కత్తెరలు పట్టుకుని బయల్దేరి, కొండ మీద ఒక్క పీలిక మిగలకుండా కత్తిరించి పారేశారు. ట్రేసరుకి ఆ సంగతి తెలియదు. ఆదివారం పొద్దున సైకిలెక్కి, మొదటి రిబ్బను కోసం చూసుకుంటూ దిగడం మొదలుపెట్టాడు. రిబ్బను కనబడలేదు. ఇంకా రాలేదేమోలే అనుకుని ఇంకాస్త దూరంగా చూశాడు. అదీ లేదు. ఇంకా దూరంగా చూశాడు. సైకిలు తొక్కేవాడి కన్ను ఎక్కడుంటే చక్రం అక్కడికే పోతుందని షాపతను మొదటి రోజే చెప్పాడు గానీ, ఇన్నాళ్లూ ఇతని కన్ను రిబ్బను మీదా, రిబ్బను కింద రాయి మీదానే ఉండేది. చక్రం బుద్ధిగా వెళ్లి దాన్నే కొట్టుకునేది. ఇప్పుడు కన్ను ముందెక్కడో ఉంది. వేరు వచ్చి వెళ్లిపోయింది. రాతి మెట్టు కిందెక్కడో దబ్‌మంది, షాకులు లోపలికి పోయి బయటికొచ్చాయి. మలుపులో గులకరాళ్లు చిటపటలాడాయి. మొదటి రిబ్బను ఇంకా రాలేదేమిటా అనుకుంటుండగానే కొండ అయిపోయింది.

కాలనీ గోడ పక్కన సైకిలు దిగి, నేల మీద కూర్చుని చాలాసేపు కొండని చూశాడు. అంత అలసటలో అంత హాయి అతనికి పెళ్లయిన కొత్తలో కూడా లేదు. ఇంటికి తొక్కుకుంటూ వెళ్లి గేటు ముందు బెల్లు కొట్టాడు. భార్య వచ్చి సైకిలునీ, దాని మీద కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూసి, టైర్లో గాలి నిలుస్తోందే ఈ వారం అంది. అన్నాక, ఎప్పుడూ అడగనిది, అలా దిగుతుంటే ఎలా ఉంటుందని అడిగింది. అతను బెల్లు ఇంకోసారి కొట్టి నవ్వాడు.

ఆ నవ్వు మర్నాడు పదింటి దాకా ఉంది. పదింటికి ఆఫీసరు పిలిచి, బుధవారం హెడ్డాఫీసు పెద్దాయన తనిఖీకి వస్తున్నాడని, గుర్తులన్నీ ఎవరో పీకేశారని, వాటిని మళ్లీ కట్టి రమ్మని చెప్పాడు.

"మీ మ్యాపులో ఉన్నవే. ఒక్క అడుగు కూడా తేడా రాకూడదు."

తను పడ్డ పదకొండు చోట్లా, ఇక పడనని తెలిశాక, ఆఫీసు ఖాతాలో మళ్లీ రిబ్బన్లు కట్టాడు ట్రేసరు.

బుధవారం పెద్దాయన తోలు బూట్లతో దిగాడు. రెండో రిబ్బను దగ్గర కాలు జారింది. నాలుగో రిబ్బను దగ్గర నడుమే జారింది. లేచి దుమ్ము దులుపుకుని, ఇక్కడ రోడ్డు దండగన్నాడు. కాలనీ రెండు వరసలూ చెరో కారణానికి గోల చేశాయి. అయితే తెరిచిన ఫైలుని ఊరికే మూయకూడదు, ఏదో ఒక చర్య చూపించాలి. అందుకని పెద్దాయన మళ్లీ పైకెక్కి, ట్యాంకు మెట్ల మీద కూర్చుని, దీన్ని సైకిలు బాటగా ప్రకటించేశాడు. గేటు పెట్టాలి. ఆదివారాలు ఆరు నుంచి పది దాకా తెరవాలి. ప్రమాదకరమైన పదకొండు చోట్లా సైకిలు దిగి నడిపించుకు వెళ్లవలెనని బోర్డులు కట్టాలి. దిగనివాళ్ల మీద విజిలేయడానికి, కొండ బాగా తెలిసిన ఉద్యోగి ఒకడు ఉండాలి. డ్యూటీలో ఉన్నవాడు సైకిలెక్కకూడదు.

ఆ ఉద్యోగి ఎవరో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆర్డరు చేతికొచ్చిన రోజు ట్రేసరు మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఉద్యోగం పోతే పోనీ, ఆదివారం మిగిలితే చాలనిపించింది. లేచి ఆఫీసరు గదిలోకి వెళ్లి తలుపేశాడు.

"సార్, ఆ రిబ్బన్లు కట్టింది నేనే. నేను పడ్డచోటల్లా ఒకటి కట్టుకున్నాను. సర్వే లేదు, రోడ్డు లేదు. ఇదంతా రద్దు చేసెయ్యండి."

ఆఫీసరు కలానికి మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇన్నాళ్లు ఆగారు, ఇంకొన్నాళ్లు ఆగలేకపోయారా," అన్నాడు. "నాకు తెలుసు. ఓ ఆదివారం కాలనీకొచ్చి అలా కొండెక్కితే, మీరు రిబ్బను కింద చతికిలబడి మోకాలు ఊదుకుంటున్నారు. ఏడాదిగా ఒక్క కొత్త ఫైలు లేదని మన సెక్షను ఎత్తేయబోతున్నారు. నేనూ, మీరూ, ఆ ఫ్యానూ తలో ఊరికి బదిలీ. దేవుడిలా కనిపించారు మీరు. ఆ సాయంత్రమే అర్జీ రాయించాను."

"మేష్టారి చేత రాయించారా సార్?"

"మా మావగారు. దస్తూరి బావుంటుంది." ఆఫీసరు గొంతు తగ్గించాడు. "మూడు వారాలుగా మీరెక్కడ నిజం చెప్పేస్తారోనని నాకు అన్నం సహించలేదు. ఆ రోజు మీరు ఫ్యాను సంగతెత్తారు చూడండి, అప్పుడు ప్రాణం లేచొచ్చింది."

ట్రేసరు తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి మళ్లీ తలుపు తట్టాడు. విజిలు ఆఫీసు వాళ్లు ఇస్తారో, తనే కొనుక్కోవాలో ఆర్డర్లో రాయలేదు.