ఎండకు పెట్టిన సూట్‌కేసు

ఆదివారం పొద్దున సువర్ణ అనుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఒక్కతే పోచంపాడ్ పోవాలి. డ్యామ్ దగ్గర నీళ్లకెదురుగా చాప పరుచుకుని కూర్చోవాలి. ఫ్లాస్కులో టీ తాగుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దు పుచ్చి సాయంత్రం బస్సుకు ఇంటికి రావాలి. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉండాల్సిన సంగతి ఒక్కటంటే ఒక్కటి చూపించండి! కానీ ఆర్మూర్‌లో, అందులోనూ పసుపు మార్కెట్ వెనక గల్లీలో, ఇరవై అయిదేళ్ల ఆడపిల్ల ఊరికే కూర్చోవడానికి ఒక చోటికి పోవడమన్నది అప్పటిదాకా ఎవరూ విననిది.

వారానికి ఆరు రోజులు పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్లను "నొప్పి ఏ దిక్కున్నది?" అని అడగడం సువర్ణ ఉద్యోగం. ఏడో రోజు బట్టలు, బియ్యం, చుట్టాలు. మొన్న డాక్టరమ్మ మాటవరసకు "ఖాళీ దొరికితే ఏం చేస్తావమ్మా?" అని అడిగితే పిల్లకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి ఎంత తడుముకున్నా మనసుకు తగిలింది ఒక్కటే, చిన్నప్పటి పోచంపాడ్.

వాళ్ల బాపు గంగాప్రసాద్ వయసంతా మస్కట్‌లోనే గడిచింది. రెండేళ్లకోసారి వచ్చేవాడు, కూతురు అలవాటు పడేలోపు పోయేవాడు. పోయే ముందు మాత్రం ఒక రోజు సువర్ణను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని డ్యామ్‌కు తీసుకుపోయేవాడు. వేయించిన చేప కొనిపెట్టి, ముళ్లు తీసి నోట్లో పెట్టేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఇప్పుడాయన పూర్తిగా వచ్చేసి మార్కెట్ గేటు దగ్గర టీ హోటల్ నడుపుతున్నాడు. స్కూటర్ అమ్మేశారు. డ్యామ్ ఎక్కడికీ పోలేదు కదా అనుకుంది సువర్ణ.

చాపా, ఫ్లాస్కూ సజ్జ మీదున్న బాపు పాత సూట్‌కేసులో ఉన్నాయి. స్టూలెక్కి దాన్ని దించింది. మూత తెరవగానే ఎప్పటివో సబ్బు, సెంటు, పాలపొడి, కొత్త దుప్పటి అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసనకు సువర్ణ ఒక్కసారిగా ఏడేళ్ల పిల్లయిపోయింది. ఈ పెట్టె తెరిచిన రోజున గల్లీ పిల్లలంతా గుమ్మానికి అతుక్కుని నిలబడేవాళ్లు, తను మహారాణిలా ఒక్కొక్కరికీ చాక్లెట్ పంచేది. తలకాయ పెట్టెలో దూర్చి చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత బల్లి రెట్టలు కనబడ్డాయి. సరే, కడిగి ఆరబెడదామని సర్ఫు నీళ్లతో కడిగి, ముందరి గోడ మీద నోరు తెరిచి ఎండకు పెట్టింది.

అక్కడే వచ్చింది తంటా. ఆ గల్లీలో సూట్‌కేసు కడిగి ఎండకు పెట్టారంటే అర్థం ఒకటే, ఆ ఇంట్లో ఎవరో గల్ఫ్‌కు పోతున్నారని. ఎదురింటి భాగ్యవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె కొడుకు దయానంద్ షార్జాలో ఉంటాడు.

"ఏం బిడ్డా, సూట్‌కేసు తీసినవ్?"

"ఊకెనే అవ్వా. పోచంపాడ్ పోయొస్త."

"సూట్‌కేసు కడుక్కొని పోచంపాడ్ పోతరానే?"

"చాప, ఫ్లాస్కు దాంట్ల ఉండె. గందుకే తీసిన."

"తోడు ఎవ్వలొస్తున్నరు?"

"ఎవ్వలు రారు. ఒక్కదాన్నే."

"గాడ ఏం పని?"

"పనేం లేదు. ఊకె కూసుంట."

భాగ్యవ్వ చేతిలో బీడీ సగంలో ఆగింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ గల్లీలో వీసా వచ్చినవాడెవడూ వచ్చిందని చెప్పడు. చెబితే దిష్టి తగులుతుందనీ, వీసా వాపస్ పోతుందనీ భయం. అందుకని విమానం ఎక్కేదాకా అందరూ ఏదో ఒక ఊరి పేరు చెప్తారు. ఒకడు ఏర్గట్లలో పెళ్లి అంటాడు, ఇంకొకడు నిజామాబాద్ దవాఖాన అంటాడు. కాబట్టి అక్కడ 'పోతలేను' అన్నవాళ్లే పోతున్నట్టు లెక్క. సువర్ణ చెప్పింది అక్షరాలా నిజం. నమ్మడానికి అంతకంటే వీలులేని మాట ఆమె ఇంకొకటి చెప్పగలిగి ఉండేది కాదు.

భాగ్యవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "చెప్పకు బిడ్డా. నేను అడుగుతనే లేను. మా దయానంద్ గూడ భీమ్‌గల్ అత్తోళ్లింటికి పోయొస్త అన్నడు. రెండేండ్లాయె."

"అయ్యో అవ్వా, గట్ల కాదు..."

"గట్లనే అనాలె. మంచిగ నేర్పిండు మీ బాపు," అని మెచ్చుకుని, చాట పక్కనపెట్టి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో సకినాల సంచి, నాలుగు కవర్లలో చుట్టిన మామిడికాయ తొక్కు ఉన్నాయి. "జర మా దయానంద్‌కు ముట్టజెప్పు."

"గాయిన షార్జాల ఉన్నడు గదవ్వా! బాపు ఉన్న మస్కట్ వేరు, షార్జా వేరు. అసలు నేను ఏడికి పోతలేను."

"అంత ఎడారే గదనే, ఎవ్వలో ఒకలు కలుస్తరు," అని భాగ్యవ్వ సంచిని సూట్‌కేసులో పెట్టేసింది.

ఆ తర్వాత ఎవరినీ ఆపడం సువర్ణ వల్ల కాలేదు. పక్కింటి సువార్త చర్చికి పోతూ పోతూ ఆగి, "దవాఖాన నౌకరేనటగా? మస్తు మంచిది. ప్రార్థన చేసి పోత," అని నెత్తిమీద చెయ్యి పెట్టింది. విమానం కోసం, దాన్ని నడిపేవాళ్ల కోసం, అక్కడి ఎండల కోసం సువార్త ఎంతో ప్రేమగా ప్రార్థించింది. ప్రార్థన మధ్యలో అడ్డం పడి 'ఆంటీ, నాకు పాస్‌పోర్టే లేదు' అనడం మర్యాద కాదు. ఫ్లాస్కు పట్టుకుని, కళ్లు మూసుకుని సువర్ణ కూడా ఆమెన్ అంది. కళ్లు తెరిచేసరికి పెట్టెలో ఒకరి పసుపు, ఒకరి బీపీ గోలీలు, ఇంకెవరివో కొత్త చెప్పులు చేరిపోయాయి. మార్కెట్‌లో హమాలీ చేసే ఎర్రన్న, విమానం లెక్కకు బరువు చూద్దామని కాంటా తెచ్చి పెట్టెను కొక్కేనికి తగిలించి, "ఇంక జరంత పడ్తది, తీస్కరాండ్రి!" అని కేకేశాడు.

పాలకు పోయిన తల్లి శోభారాణి అప్పుడే వచ్చింది. దారిలోనే ముగ్గురు శుభాకాంక్షలు చెప్పి పంపారు. వస్తూనే పాల గిన్నె కింద పెట్టి బోరుమంది.

"కన్నతల్లికి గూడ చెప్పకపోతివి గదనే! మీ బాపు గిట్లనే జేసెటోడు. బండి వాకిట్లకొచ్చినంక చెప్పెటోడు. గా రకుతమే నీకు!"

"అమ్మా, ఒట్టు. పోచంపాడ్ పోతున్న."

"గాయిన గూడ గట్లనే అనెటోడే!" అని శోభారాణి ఇంకా గట్టిగా ఏడ్చింది. భార్యగా ఆమెకున్న అనుభవం అలాంటిది మరి.

టీ హోటల్ మూసుకుని గంగాప్రసాద్ వచ్చాడు. కూతుర్ని ఇంటి వెనక్కు పిలిచి ఒక్కటే అడిగాడు.

"పాస్‌పోర్టు ఉన్నదా?"

"లేదు బాపు. డ్యామ్ కాడ కూసుందామనుకున్న. అంతే."

గంగాప్రసాద్‌కు విషయం అర్థమైంది. వాకిట్లోకి తొంగిచూశాడు. ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకుంటున్నారు. "ఇప్పుడు చెప్పకు బిడ్డా," అన్నాడు. "ఏడుపు సగంల ఉన్నది. నడుమల ఆపితే మంచిగుండది."

నిజం చెప్పాలంటే సువర్ణ కూడా అంత గట్టిగా ఏం చెప్పలేదు. చిన్నప్పుడు బాపును సాగనంపే ప్రతిసారీ జీపులో చోటు చాలక పిల్లల్ని ఇంటి దగ్గరే వదిలేసేవాళ్లు. గేటు పట్టుకుని నిలబడి, జీపు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపడమే ఆమె పని. ఇవ్వాళ మొదటిసారి గల్లీ మొత్తం ఆమె కోసం వచ్చింది. పీట వేసి తూర్పు ముఖంగా కూర్చోబెట్టి బొట్టు పెట్టారు, మెడలో బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. తనంటే వీళ్లకు ఇంత ఇష్టమా అనుకుంది సువర్ణ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి, మిగిలిన ఒకరిద్దరు కూడా నమ్మేశారు.

ఇంతలో లచ్చన్న జీపు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఎవరూ పిలవలేదు. ఆ గల్లీ నుంచి విమానాశ్రయానికి పోయే వాళ్లందరినీ ఇరవయ్యేళ్లుగా ఆయనే దింపుతున్నాడు, కబురు ఆయనకు గాలిలో అందుతుంది. సూట్‌కేసు పైకెక్కింది. సువర్ణ, తల్లి, తండ్రి, భాగ్యవ్వ, చర్చి ఎగ్గొట్టిన సువార్త, ఎర్రన్న, ఇంకా చాలామంది లోపలికెక్కారు.

జాతీయ రహదారి మీదికి వచ్చాక లచ్చన్న హైదరాబాద్ వైపు తిప్పబోయాడు. సువర్ణకు ఇక లాభం లేదనిపించింది.

"లచ్చన్నా, గట్ల కాదు. నిర్మల్ దిక్కు పోనీ."

"గా దిక్కు విమానాలుండయి చెల్లె."

"నాకు విమానం లేదు, వీసా లేదు, పాస్‌పోర్టు లేదు! పొద్దటి సంది మొత్తుకుంటున్న, పోచంపాడ్ పోతున్నా అని!"

జీపు పక్కకు ఆగింది. అందరూ గంగాప్రసాద్ ముఖం చూశారు. ఆయన తలూపాడు. ముందుగా తేరుకున్నది భాగ్యవ్వ.

"మరి గంతగనం ఏడ్సినం గదనే!"

"నేనేడ్వమన్ననా అవ్వా?"

"వాపస్ తిప్పాల్నా?" అన్నాడు లచ్చన్న.

"ఏం మాటరా అది!" భాగ్యవ్వ కసురుకుంది. "హారతిచ్చి పంపిన పిల్లను గడియ దాటకముందే ఇంటికి తోల్కపోతరా? ఏడికో ఒక కాడికి పోవాలె. పోనీ పోచంపాడే పోనీ."

అలా సువర్ణ ఒంటరిగా గడపాలనుకున్న రోజుకు జీపెడు మంది బయలుదేరారు.

డ్యామ్ దగ్గర చాప పరిచింది సువర్ణే. దాని మీద కూర్చున్నది మాత్రం వేరేవాళ్లు. షార్జా సకినాలు, తొక్కు అక్కడే విప్పారు. ఎర్రన్న వేడివేడి చేపలు తెచ్చాడు. భాగ్యవ్వ నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుని, "నా పెండ్లయిన ఏడు వచ్చిన గీడికి. మల్ల ఇప్పుడే," అంది. బీడీలు లేని చేతులు ఏం చెయ్యాలో తెలియక, వేళ్లు వాటంతటవే ఒళ్లో లేని ఆకును చుడుతున్నాయి. కాసేపటికి అవి కూడా ఆగాయి. సువార్తా, శోభారాణీ చిన్నప్పటి ఆటల గురించి మాట్లాడుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. అమ్మ అలా నవ్వగా సువర్ణ ఎన్నడూ చూడలేదు.

గంగాప్రసాద్ చేప ముళ్లు తీసి కూతురి ముందు పెట్టాడు.

"పోయే ముందల నిన్ను గీడికెందుకు తెచ్చెటోన్నో తెల్సా బిడ్డా? ఇంట్ల అందరు ఏడుస్తుండె. నాకు సందు దొరకకపోయేది. గీడికొచ్చి ఏడ్సెటోన్ని."

"నేను సూడనే లేదు బాపు."

"నీకు చేప ముందల పెడ్తుంటి గదా."

సువర్ణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత, ఒక్క పావుగంటైనా తనకంటూ ఉంచుకుందామని ఎవరికీ చెప్పకుండా లేచి, కట్ట మీద ఆ చివరిదాకా నడిచింది. నీళ్ల మీద ఎండ పచ్చబడుతోంది. దూరంగా ఒక పడవ. పావుగంట అనుకున్నది ఎంతసేపయిందో ఆమెకు తెలియలేదు. తిరిగొచ్చి చూస్తే జీపు లేదు, మనుషులూ లేరు. చాప కూడా లేదు.

మరచిపోయారని వాళ్లను తిట్టుకోవద్దు. లచ్చన్న హారన్ కొట్టగానే అందరూ అలవాటు ప్రకారం ఎక్కారు. ఆ జీపు సాగనంపడానికి పోయిన ప్రతిసారీ ఒక మనిషి తక్కువతోనే తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు అందరూ కాస్త వదులుగా కూర్చుంటారు, శోభారాణి కొంగు ముఖాన కప్పుకుని కళ్లు మూసుకుంటుంది, ఎవరూ ఎవరినీ లెక్కపెట్టరు. ఇవ్వాళా అంతే. గంగాప్రసాద్ గమనించాల్సింది. కానీ సాగనంపి తిరిగొచ్చే ప్రయాణం ఆయనకు జీవితంలో ఇదే మొదటిది. అది ఇంత ఖాళీగా ఉంటుందా అనుకుంటూ ముందు సీట్లో నిద్రపోయాడు.

ఫోన్ మోగింది. అవతల శోభారాణి.

"సువర్ణా! ఏడున్నవే? ఇంటికొచ్చి చూస్తే నువ్వు లేవు!"

"డ్యామ్ కాడనే ఉన్న అమ్మా. ఫికర్ జెయ్యకు, మంచిగున్న."

"లచ్చన్నను పంపాల్నా?"

"వద్దు. జరసేపు కూసొని బస్సుకొస్త."

ఇన్నేళ్ల అలవాటు శోభారాణి నోట్లోంచి దానంతటదే వచ్చింది. "సరే బిడ్డా. పైలం. టైముకు తిను. అప్పుడప్పుడు ఫోన్ జెయ్యి."

సువర్ణ ఫోన్ పక్కన పెట్టి ఉత్త రాయి మీద కూర్చుంది. మొదట కాసేపు అందరూ ఉంటే బాగుండుననిపించింది. తర్వాత లేకపోవడమే బాగుందనిపించింది. మెడలో బంతిపూల దండ అలాగే ఉంది. ఎదురుగా నీళ్లు, పైన ఆకాశం, మాట్లాడమని అడిగేవాళ్లెవరూ లేరు. ఆమెకు చాలా సంతోషంగా ఉంది.

ఆ గల్లీ నుంచి బొట్టు పెట్టించుకుని, దండ వేయించుకుని బయలుదేరినవాళ్లలో చీకటి పడకముందే బస్సు దిగి ఇంటికొచ్చింది ఇప్పటికి సువర్ణ ఒక్కతే.